తూటా ఎటు నుంచి వచ్చింది?

'ఆత్మరక్షణ కోసం కాల్చక తప్పలేదు.' ఈ వాక్యం వినని తరం తెలంగాణలో లేదు. 1969లో మన తండ్రులు విన్నారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద కొట్లాడినవాళ్లు విన్నారు. 2007 జూలై 28న ముదిగొండలో జానెడు జాగ అడిగినవాళ్లు విన్నారు. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో 2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర మళ్లీ మనమే విన్నాం. ముఖ్యమంత్రులు మారారు, జెండాలు మారాయి. వాక్యం మాత్రం మారలేదు.

ఆ వాక్యం నిజమో కాదో తేల్చడానికి మనం చేసిందేమిటి? ధర్నా చేశాం, రాస్తారోకో చేశాం, నిజనిర్ధారణ కమిటీలు వేశాం, సిట్టింగ్ జడ్జితో విచారణ అడిగాం. అన్నీ కావలసినవే. కానీ ఆ వాక్యానికి ఎదురుగా నిలబడి మాట్లాడగల సాక్షి ఒకరు మొదటి రోజు నుంచీ మన మధ్యే ఉంటున్నారు. చనిపోయిన మనిషి దేహమే ఆ సాక్షి. బెదిరిస్తే భయపడదు, డబ్బులిస్తే మాట మార్చదు. అడగడం తెలిసిన డాక్టరు టైముకు అడగాలి, అంతే. మనం ఎప్పుడూ ఈ సాక్షిని ఊరేగింపుగా తీసుకుపోయి నిప్పు పెట్టిన తర్వాతే సాక్ష్యం గురించి మాట్లాడుకుంటాం.

నేను రిపోర్టర్‌గా కొత్త. ఒక పెద్దాస్పత్రి మార్చురీ ముందు పొద్దటి నుంచి నిలబడ్డాం. ఎదురుకాల్పుల్లో చనిపోయాడని చెప్పిన పిలగాడు లోపల ఉన్నాడు. సాయంత్రం శవాన్ని తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. నెత్తుటి చొక్కాను అంతకు ముందే పాలిథిన్ కవర్లో కట్టి గోడ పక్కన పడేశారు. ఎవరూ తీసుకోలేదు. తీసుకోవాలని మాకూ తెలియదు. నెల రోజుల తర్వాత ఒక ఫోరెన్సిక్ ప్రొఫెసర్‌ను కలిసి పోస్టుమార్టం కాగితం చూపిస్తే ఆయన కాగితం కూడా సరిగా చూడలేదు. 'చొక్కా ఏది?' అని అడిగాడు. లేదన్నాను. 'సగం సాక్ష్యం అందులోనే పోయింది' అన్నాడు. ఆ రోజు ఆయన రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పిన పాఠమే ఈ సంపాదకీయానికి మూలం.

తుపాకి పేలితే గొట్టంలోంచి తూటా ఒక్కటే బయటికి రాదు. దాని వెనక మంట వస్తుంది, వేడి గ్యాసు వస్తుంది, మసి వస్తుంది, సగం కాలిన మందు రేణువులు వస్తాయి. ఇవన్నీ తూటా అంత దూరం పోలేవు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు దారిలో ఆగిపోతారు. ఎవరు చర్మం దాకా వచ్చారో చూసి తుపాకి ఎంత దూరంలో ఉందో డాక్టరు లెక్క కడతాడు.

గొట్టం ఒంటికి ఆనించి కాల్చితే గ్యాసు, మసి గాయం లోపలికే పోతాయి. పుర్రె మీద ఆనించి కాల్చితే గ్యాసు చర్మానికీ ఎముకకూ మధ్య ఉబ్బి, చర్మం నక్షత్రంలా చీలిపోతుంది. ఒక్కోసారి గొట్టం మూతి ముద్ర చర్మం మీద అచ్చుగుద్దినట్టు పడుతుంది. కొంచెం దూరం జరిగితే గాయం చుట్టూ మసి పరుచుకుంటుంది. పిస్తోలు విషయంలో ఈ మసి దాదాపు ఒక అడుగు లోపే. ఇంకా జరిగితే మసి ఉండదు. మందు రేణువులు మాత్రం వచ్చి చర్మంలో గుచ్చుకుని సన్నటి ఎర్ర చుక్కలు పెడతాయి. దీన్ని ఫోరెన్సిక్ వాళ్లు టాటూయింగ్ అంటారు, మన పచ్చబొట్టే. రెండు మూడు అడుగుల దాకా కనిపిస్తుంది. మసిని తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పచ్చబొట్టు పోదు. శవాన్ని కడిగిన తర్వాత కూడా చెప్పగలిగింది అదొక్కటే. ఈ అడుగుల లెక్క కూడా ఆయుధాన్ని బట్టి, మందును బట్టి మారుతుంది. కచ్చితంగా చెప్పాలంటే అదే తుపాకితో, అదే రకం తూటాతో ప్రయోగశాలలో కాల్చి పోల్చి చూడాలి.

అంతకు మించిన దూరం నుంచి కాల్చితే చర్మం మీద ఒక రంధ్రం, దాని అంచున గీరుకుపోయిన ఒక వలయం మాత్రమే మిగులుతాయి. పోస్టుమార్టం నివేదికలో 'దూరపు కాల్పు' అని రాసేది దీన్నే. ఈ మాటను పట్టుకుని 'చూశారా, ముప్పై అడుగుల నుంచి కాల్చామని డాక్టరే రాశాడు' అని ప్రెస్‌మీట్ పెట్టిన పోలీసు అధికారులను చూశాం. డాక్టరు ఆ మాట రాయలేదు. నాలుగు అడుగుల నుంచి కాల్చినా, నాలుగు వందల అడుగుల నుంచి కాల్చినా చర్మం మీద గాయం ఒకే తీరుగా ఉంటుంది. నిలబెట్టి ఐదు అడుగుల నుంచి కాల్చిన మనిషి గాయం కూడా 'దూరపు కాల్పే'. రిపోర్టర్ మిత్రులకు ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే ఎన్నో హెడ్డింగులు వేరేగా ఉండేవి.

చొక్కా సంగతి ఇక్కడే వస్తుంది. మనిషి బట్టలు వేసుకుని ఉన్నప్పుడు మసి, మందు రేణువులు బట్ట మీదనే ఆగిపోతాయి. బట్ట తీసేసి చూస్తే, అడుగు దూరం నుంచి కాల్చిన గాయం కూడా దూరపు కాల్పులా కనిపిస్తుంది. అందుకే ఆ ప్రొఫెసర్ కాగితం చూడకుండా చొక్కా అడిగాడు. నెత్తుటి బట్టను పాలిథిన్‌లో కడితే అది కుళ్లుతుంది. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టి సీలు వేయాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన సైన్సేమీ కాదు.

ఇక తూటా ఎటు నుంచి దూరి ఎటు నుంచి పోయింది? 'చిన్నది దూరిన గాయం, పెద్దది వెళ్లిన గాయం' అని మన సినిమాల్లో డాక్టర్లు చెప్తారు. చాలాసార్లు నిజమే, కానీ దాన్ని నమ్ముకుంటే ప్రమాదం. ఆనించి కాల్చిన గాయం నక్షత్రంలా చీలి పెద్దగా ఉండవచ్చు. బయటికి వెళ్లిన గాయం చిన్నగా, గుండ్రంగా ఉండవచ్చు. నమ్మదగిన గుర్తు ఆ రాపిడి వలయం. తూటా చర్మాన్ని లోపలికి నొక్కుకుంటూ దూరేటప్పుడు అంచు గీరుకుపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు చర్మం చిట్లుతుంది కాబట్టి మామూలుగా ఆ వలయం ఉండదు. దానికీ మినహాయింపు ఉంది. మనిషి గోడకో నేలకో ఆనుకుని ఉంటే, చర్మం అక్కడ నలిగి, వెళ్లిన గాయానికి కూడా వలయం పడుతుంది. ఆ మినహాయింపే ఒక సాక్ష్యం అవుతుంది. పరుగెత్తుతూ ఎదురుకాల్పులు జరిపాడన్న మనిషి వీపు ఆ క్షణాన దేనికి ఆనుకుని ఉంది?

ఎముక దగ్గర మోసం తక్కువ. చెక్కపలకలో మేకు దిగ్గొట్టి చూడండి. కొట్టిన వైపు రంధ్రం నున్నగా ఉంటుంది, అవతలి వైపు పేళ్లు లేస్తాయి. పుర్రె కూడా అంతే. తూటా దూరిన చోట పెంకు లోపలి వైపు వెడల్పు అవుతుంది, వెళ్లిన చోట బయటి వైపు వెడల్పు అవుతుంది. మాంసం కుళ్లిపోయినా, ఏళ్ల తర్వాత గుంట తవ్వి తీసినా ఈ గుర్తు చెరగదు. ఇంకో విశేషం ఉంది. మట్టిగోడకు కొత్తగా పడిన పగులు పాత పగులు దాకా వచ్చి ఆగిపోతుంది, దాన్ని దాటదు. పుర్రె పగుళ్లూ అంతే. రెండు తూటాలు తగిలితే ఏది ముందో ఏది వెనకో ఆ పగుళ్లే చెబుతాయి. మొదటి తూటాకే పడిపోయిన మనిషిని రెండోసారి ఎందుకు కాల్చారని అడిగే హక్కు అక్కడి నుంచి వస్తుంది.

పెద్ద దేశాల్లో ఇదంతా సక్రమంగా జరుగుతుందని ఎవరన్నా అనుకుంటే 1963 నవంబర్ 22 గుర్తు చేసుకోవాలి. అమెరికా అధ్యక్షుడు కెనెడీని డల్లాస్‌లో కాల్చారు. పార్క్‌లాండ్ ఆస్పత్రిలో డాక్టర్ మాల్కం పెర్రీ ఆయన గొంతు ముందు వైపు చిన్న గుండ్రటి రంధ్రం చూశాడు. ఊపిరి అందించడానికి ఆ రంధ్రం మీదుగానే కోత పెట్టి గొట్టం దింపాడు. పానం కాపాడే తొందరలో ఏ డాక్టరైనా అదే చేస్తాడు. తర్వాత విలేకరులతో మాట్లాడుతూ అది తూటా దూరిన గాయంలా కనిపించిందన్నాడు. అదే రాత్రి బెథెస్డా నౌకాదళ ఆస్పత్రిలో శవపరీక్ష చేసిన వాళ్లకు ఆ కోత కింద తూటా గాయం ఉందన్న సంగతే తెలియదు. వీపు పైభాగంలో దూరిన గాయం ఉంది, వెళ్లిన గాయం కనపడలేదు, తూటా దొరకలేదు. తల పట్టుకున్నారు. మరునాడు పొద్దున డల్లాస్‌కు ఫోన్ చేస్తే గాని విషయం తెలియలేదు. అధ్యక్షుడి బట్టలు కూడా వాళ్లు శవపరీక్ష సమయంలో చూడలేదు. ముఖ్య డాక్టర్ హ్యూమ్స్ తన తొలి రాతప్రతిని ఇంట్లో తగలబెట్టాడు.

1970ల చివర్లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ తొమ్మిది మంది ఫోరెన్సిక్ నిపుణులతో ఫొటోలు, ఎక్స్‌రేలు, బట్టలు మళ్లీ చూపించింది. తూటాలు వెనక నుంచే వచ్చాయని, పుర్రె వెనక భాగంలో ఎముక లోపలి వైపు వెడల్పయిందని ఎనిమిది మంది తేల్చారు. సిరిల్ వెక్ట్ అనే ఒక్కరు విభేదించారు. తొలి శవపరీక్ష మీద ఆ బృందం గట్టి విమర్శలే చేసింది. ప్రపంచంలో అందరికన్నా శక్తిమంతుడైన మనిషి శవపరీక్షకే తుపాకి గాయాలు రోజూ చూసే ఫోరెన్సిక్ డాక్టరును ముందు నుంచీ కూర్చోబెట్టలేకపోయారు. అరవై ఏళ్లు దాటినా జనం అనుమానం తీరలేదు. ఇక అడవిలో రాత్రిపూట చచ్చిపోయిన పేరు లేని పిలగాడి సంగతి ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకున్న చోట ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ పారాచూట్ రెజిమెంట్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత చనిపోయారు. మా మీద బాంబులు, తుపాకులు పట్టుకుని వచ్చారన్నారు సైనికులు. ఆత్మరక్షణ వాక్యానికి ఇంగ్లీషు రూపం అదే. ప్రధాన న్యాయమూర్తి విడ్జరీ కొన్ని వారాల్లోనే విచారణ ముగించి, ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చాడు. కొందరి చేతుల మీద సీసం రేణువులు కనిపించాయని, వాళ్లు ఆయుధాలు పట్టుకుని ఉండవచ్చని అనుమానం మిగిల్చాడు. ఆ శవాల్లో కొన్నిటిని సైనికుల చేతులే లాగి బండ్లలో వేశాయి. సీసం అక్కడి నుంచి అంటి ఉండవచ్చన్న మాట అప్పుడు నిలబడలేదు.

కుటుంబాలు వదల్లేదు. 1998లో సావిల్ విచారణ మొదలైంది. ఫోరెన్సిక్ డాక్టర్ రిచర్డ్ షెపర్డ్, ఆయుధాల నిపుణుడు కెవిన్ ఓ కల్లగన్ పాత శవపరీక్ష నివేదికలు, ఫొటోలు ముందు పెట్టుకుని ఒక్కొక్క గాయాన్ని మళ్లీ చదివారు. సీసం రేణువుల సాక్ష్యం పనికిరాదని తేలింది. ఒక మనిషికి తూటా పిరుదు దగ్గర దూరి, ఒళ్లంతా కోసుకుంటూ ఛాతీ వైపు నుంచి బయటికి వచ్చింది. నిలబడ్డ మనిషికి అట్లా తగలాలంటే కాల్చినవాడు నేల కింద ఉండాలి. ఆ మనిషి నిలబడి లేడు, ప్రాణభయంతో నేల మీద పాకుతున్నాడు. తూటా తగలడానికి కాస్త ముందు అతను పాకుతూ ఉండగా తీసిన ఫొటో కూడా ఉంది. చేతిలో ఏ ఆయుధమూ లేదు. 2010 జూన్ 15న నివేదిక వచ్చిన రోజు ప్రధాని కామెరాన్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. 38 ఏళ్లు పట్టింది. 1972లో తీసిన ఫొటోలు, రాసిన నివేదికలు భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

మన దగ్గర 369 మంది అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ 1969 అమరుల పోస్టుమార్టం కాగితాలు ఎన్ని, ఏ రికార్డు రూములో ఉన్నాయో ఇప్పుడు ఎవరినడగాలి?

ఇక్కడ మనవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. వీపు మీద గాయం కనపడగానే 'పారిపోతుంటే కాల్చి చంపారు' అని మనం కరపత్రం రాస్తాం. ట్రిగ్గర్ నొక్కేలోగా మనిషి సగం తిరిగిపోతాడు. ముందు నుంచి మొదలైన కాల్పు పక్కకో వీపుకో తగలవచ్చు. గాయం ఒంట్లో ఏ దారిన పోయిందో చెబుతుంది, ఆ క్షణాన మనిషి నిలబడ్డాడా వంగాడా పడుకున్నాడా అనేది నేల మీద దొరికిన తూటాలు, నెత్తుటి మరకలు, సాక్షుల మాటలు కలిపితేనే తేలుతుంది. డెర్రీ మనిషి గాయం ఫొటో లేకుండా అంత గట్టిగా మాట్లాడేది కాదు. సైన్సును మనకు అనుకూలమైనప్పుడు మాత్రమే నమ్ముతామంటే, పోలీసులకూ మనకూ తేడా ఏముంది?

2010 జూలైలో ఆదిలాబాద్ అడవుల్లో మావోయిస్టు నాయకుడు ఆజాద్, జర్నలిస్టు హేమచంద్ర పాండే చనిపోయినప్పుడు పోస్టుమార్టం నివేదికలో గాయం అంచుల గురించి రాసిన మాటల మీదే దేశమంతా చర్చ నడిచింది. కాలిన అంచులంటే దగ్గరి కాల్పే అన్నారు హక్కుల సంఘాలవాళ్లు. సుప్రీంకోర్టు ఆదేశాలతో దర్యాప్తు చేసిన సీబీఐ ఎన్‌కౌంటర్ నిజమేనన్నది. ఎవరి నమ్మకం వాళ్లకు మిగిలింది. బట్టలు, గాయాల దగ్గరి ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి తీసిన కొలతలు అందరి ముందుకూ వచ్చి ఉంటే ఆ చర్చ నమ్మకాల మీద కాకుండా గాయాల మీద నడిచేది.

ఇక చటాన్‌పల్లి. 2019 నవంబర్ 27న ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరానికి రాష్ట్రమంతా రగిలిపోయింది. ఆ కోపంలో తప్పు లేదు. తొమ్మిది రోజులకు, పోలీసు కస్టడీలో ఉన్న నలుగురు నిందితులు తుపాకులు గుంజుకుని కాల్చబోతే మేం కాల్చామన్నారు పోలీసులు. వాళ్ల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. పంచినవాళ్లలో మన విద్యార్థులున్నారు, మన ఉద్యోగ సంఘాలవాళ్లున్నారు, ఈ పత్రిక చదివేవాళ్లూ ఉన్నారు. నిన్నటిదాకా పోలీసు తూటాకు గుండె చూపిన క్యాంపస్‌లు ఆ రోజు పోలీసు తూటాకు దండేశాయి.

మహబూబ్‌నగర్‌లో మొదటి పోస్టుమార్టం జరిగింది. హైకోర్టు జోక్యంతో శవాలు గాంధీ ఆస్పత్రికి వచ్చాయి. అప్పటికే సగం కుళ్లిపోయాయని సూపరింటెండెంట్ కోర్టుకు చెప్పాల్సి వచ్చింది. డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి రెండో పోస్టుమార్టం చేశారు. రెండో పోస్టుమార్టం అంటే ఒకసారి కోసి కుట్టిన శరీరాన్ని మళ్లీ చదవడం. ఎముక చెప్పేది చెబుతుంది, చర్మం చెప్పాల్సింది చాలా వరకు పోతుంది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. తుపాకులు గుంజుకున్నారన్న కథ నమ్మదగింది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. మిఠాయి పంచినవాళ్లలో ఎందరు ఆ నివేదిక చదివారు?

చట్టం లేక కాదు. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎన్‌కౌంటర్ మృతులకు జిల్లా ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, వీలైతే అందులో ఒకరు ఆస్పత్రి అధిపతి కావాలి. వీడియో తీసి దాచాలి. కాల్చిన పోలీసులు తమ ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి. దర్యాప్తు సీఐడీ గాని, వేరే స్టేషన్ బృందం గాని చేయాలి. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? లోపం మార్చురీ గదిలో ఉంది. చాలా చోట్ల ఫోరెన్సిక్ చదవని డ్యూటీ డాక్టరుతో కోయిస్తారు, ఎక్స్‌రే తీయరు. శరీరంలో తూటా ఎక్కడ చిక్కుకుందో ఎక్స్‌రే లేకుండా వెతకడం గడ్డివాములో సూది వెతికినట్టే. దొరికిన తూటాను పళ్లున్న ఇనుప చిమటాతో పట్టి లాగితే, ఏ తుపాకి నుంచి వచ్చిందో చెప్పే గీతలు చెరిగిపోతాయి. వేళ్లతోనో రబ్బరు తొడిగిన చిమటాతోనో తీయాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ చిమటా ఖరీదెంత?

ఇప్పుడు ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది పెద్ద పెద్ద కమిషన్లు కాదు. ప్రతి జిల్లా ఆస్పత్రి మార్చురీలో ఫోరెన్సిక్ చదివిన డాక్టరు, పని చేసే ఎక్స్‌రే యంత్రం, స్కేలు పెట్టి ఫొటో తీసే మనిషి, బట్టలు ఆరబెట్టే గది, కాగితం సంచులు, సీలు ఉండాలి. కాల్పుల్లో చనిపోయిన వాళ్ల పోస్టుమార్టం నివేదిక, వీడియో కాపీ కుటుంబానికి అడగకుండానే అందాలి. ఉద్యోగ సంఘాల్లో ప్రభుత్వ డాక్టర్లూ ఉన్నారు. ఒత్తిడి వచ్చినప్పుడు వాళ్ల వెనక నిలబడతామని సంఘాలు ముందే తీర్మానం చేయాలి. ఉన్నదున్నట్టు రాసిన డాక్టరును మరునాడే మారుమూలకు బదిలీ చేస్తే అడిగేదెవరు?

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈసారి ఎక్కడన్నా మార్చురీ ముందు నిలబడాల్సి వస్తే, నినాదం మొదలుపెట్టే ముందు లోపలికి ఒక వకీలును పంపి నాలుగు మాటలు రాతపూర్వకంగా అడిగించండి. బట్టలు ఎవరి దగ్గరున్నాయి? ఎక్స్‌రే తీశారా? కోస్తున్న ఇద్దరు డాక్టర్లెవరు? కెమెరా ఎవరు పట్టుకున్నారు? అర్జీ మీద తేదీ, టైము వేయించి, స్టాంపు కొట్టించుకుని, ఆ కాపీ మీ జేబులో పెట్టుకోండి.